సర్టిఫికెట్టు ఉన్న మట్టి

మా చర్చిలో ఒక అమ్మాయికి పర్యావరణ ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది. ఆరాధన అయ్యాక అందరికీ లడ్డూలు పంచుతూ నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మీరు చేసిన పనే కదా, ఏదైనా సలహా చెప్పండి" అంది. లడ్డూ నోట్లో పెట్టుకుని చేదు మాటలు ఎలా చెప్తాను? "దేవుడు నిన్ను దీవించుగాక" అని ఊరుకున్నాను. లడ్డూ అరిగింది, ఇప్పుడు చెప్తున్నాను.

నేను పని చేసింది మద్దిలపాలెంలో, బస్ డిపో దగ్గర. కింద చెప్పుల షాపు, పైన మా లాబ్. నీళ్ళు, మట్టి, బూడిద, బురద, ఎవరికి ఏది అడ్డమైతే అది డబ్బాలో పోసి మాకు పంపేవారు. అందులో ఏముందో చెప్పడం మా పని అని బోర్డు మీద రాసి ఉండేది. నా సర్వీసులో "ఇందులో ఏముంది?" అని మనసారా అడిగినవాళ్ళు తక్కువ. "ఇందులో ఏమీ లేదని రాసివ్వండి" అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఈ ముక్క మీకు ఏ కాలేజీలోనూ చెప్పరు, అందుకే మొదట్లోనే చెప్పేస్తున్నాను.

నా ప్రమోషన్లూ బదిలీలూ ఇక్కడ రాయను. అవి నాకే గుర్తు లేవు. ఒక మట్టి గురించి మాత్రం రాస్తాను.

కర్చీఫ్ వేసిన సీటు

బంకమన్ను అంటే కంటికి ఆనని పలచటి రేకులు. ఒకదాని మీద ఒకటి, దొంతరలు దొంతరలుగా ఉంటాయి. ఆ రేకుల మీద రుణావేశం ఉంటుంది. సీసం, రాగి, కాడ్మియం లాంటి లోహాలు నీళ్ళలో ధనావేశంతో తిరుగుతాయి. ఇంకేముంది, మట్టి వాటిని పట్టేసుకుంటుంది. అప్పటికే ఆ రేకుల మధ్య సోడియమో కాల్షియమో కూర్చుని ఉంటే, సీసం వచ్చి వాటిని లేపి తను కూర్చుంటుంది.

మా డిపోలో శనివారం సాయంత్రం శ్రీకాకుళం బస్సు చూడండి, అంతా అర్థమైపోతుంది. బక్కపలచటి కుర్రాడు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకుంటాడు. ఈలోగా భారీ మనిషి ఒకాయన ఎక్కి, కర్చీఫ్ తీసి కుర్రాడి చేతిలో పెట్టి కూర్చుంటాడు. సీసం ఆ భారీ మనిషి. కొన్నిచోట్ల, రేకుల అంచుల దగ్గర, మరీ గట్టిగా అతుక్కుంటుంది. తెల్లసుద్దలో ఈ సీట్లు తక్కువ. నీళ్ళు తగిలితే వాచే బంకమన్నులో చాలా ఎక్కువ.

ఇందులో పెద్ద విజ్ఞానం ఏమీ లేదు. సీటు దొరికినవాడు బస్సులోనే ఉన్నాడు, మాయమైపోలేదు, అంతే. పులుపు తగిలిందంటే, అంటే యాసిడ్ తగిలిందంటే, హైడ్రోజన్ అయాన్లు గుంపుగా ఎక్కి కూర్చున్నవాళ్ళని దింపేస్తాయి. ఉప్పునీళ్ళు తగిలినా కొందరు దిగుతారు. ఈ మాత్రం తెలియని పెద్దమనుషుల దగ్గర నేను చాలాకాలం పని చేశాను. తెలిసీ తెలియనట్టు ఉండేవాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువకాలం చేశాను.

ఒకసారి ఒక కంపెనీ మేనేజరు తన షెడ్డు వెనక మట్టిని ఆవకాయ సీసాలో పోసి పంపాడు. సీసా సరిగ్గా కడగలేదు, మూత తీస్తే ఆవఘాటు. ఆ మట్టిని నీళ్ళలో కలిపి పరీక్ష చేస్తే సీసం బాగానే బయటికొచ్చింది. మేనేజరు ఫోన్లో గోల గోల. శుభ్రమైన డబ్బాలో మళ్ళీ పంపించాడు. అదే మట్టి, అదే పరీక్ష, ఈసారి ఏమీ రాలేదు. "ఆవకాయలో సీసం ఉందన్నమాట" అని లాబ్ అంతా నవ్వుకుంది, రెండో రిపోర్టే బయటికి వెళ్ళింది. ఆవకాయలో సీసం లేదు నాయనా, ఆ పులుపుకి మట్టి వదిలేసింది అని నేను చెప్తే, అది కూడా జోకే అనుకున్నారు.

డైరెక్టరు గారు తాగిన నీళ్ళు

మా డైరెక్టరు వీరభద్రరావు గారిది గోదావరి జిల్లా, కడియం వైపు. పూలమొక్కల ఊరి మనిషి కాబట్టి మట్టి గురించి మాట్లాడమంటే మహా ఇష్టం. ముట్టుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. లాబ్ మెట్లెక్కేటప్పుడు చెప్పులకి బురద అంటితే వాచ్‌మన్‌ని పిలిచేవారు.

పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే చిన్న యూనిట్ ఒకటి మా దగ్గరికొచ్చింది. వాళ్ళు కడిగి వదిలే నీళ్ళలో సీసం. దానికి మా వాళ్ళు ఒక పద్ధతి తయారు చేశారు. గుజరాత్ నుంచి లారీలో వచ్చిన వాచే బంకమన్నుని ఇసుకలో కలిపి తొట్టెల్లో పరిచారు. యూనిట్ నీళ్ళు పై నుంచి పోస్తే కింద నుంచి శుభ్రమైన నీళ్ళు. పద్ధతి మంచిదే, నేను కాదనను. నీళ్ళు పరీక్ష చేసింది నేనే. ఒక పని బాగా చేస్తే దాన్ని బాగా చేశామని ఒప్పుకోవాలి, లేకపోతే మన తిట్లకి విలువుండదు.

దానికి రుషికొండ దగ్గర సముద్రం కనిపించే హోటల్లో సభ పెట్టారు. డైరెక్టరు గారు తొట్టె కింద నుంచి వచ్చిన నీళ్ళు గాజు గ్లాసులో పట్టించి, ఎత్తి చూపించారు. ఫోటోలవాడు లెన్సు మార్చుకునేదాకా గ్లాసు అలాగే గాల్లో ఉంది. తర్వాత గటగటా తాగేశారు. చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను.

"మరి సీసం ఏమైంది సార్?" అని వెనక నుంచి ఒక కుర్ర విలేఖరి అడిగాడు.

"మట్టి మింగేసిందండి" అన్నారు డైరెక్టరు గారు. "మట్టి మన తల్లండి. బిడ్డల కష్టమంతా కడుపులో దాచుకునేది తల్లే కదండీ."

ఈ మాటకి ఇంకోసారి చప్పట్లు. భోజనాల దగ్గర కూడా అందరూ ఆ మాటే. నేను ప్లేటు పట్టుకుని వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఆ మింగిన మట్టిని ఏం చేద్దాం సార్?"

"మార్తగారండీ, ఈ పూటకి వదిలేయండి. స్వీటు తిన్నారా? చాలా బావుందండి."

తిన్నాను. నిజంగానే బావుంది.

నీళ్ళ పరీక్ష

తొట్టెల్లో మట్టి నిండిపోయాక, అంటే దాని సీట్లన్నీ సీసంతో నిండాక, దాన్ని తీసి ఎండబెట్టి, ఇసుక జల్లించేసి, బస్తాలకెత్తి మా లాబ్ వెనక పెరట్లో పేర్చారు. బూడిదరంగులో, రాయి రప్ప లేకుండా, మెత్తగా వెన్నలా ఉండేది. దాన్ని పరీక్ష చేయమన్నారు. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, ఊపి, వడకట్టి చూడమన్నారు. చూశాను. సీసం దాదాపు ఏమీ రాలేదు. ఎందుకొస్తుంది? మట్టి గట్టిగా పట్టుకుందని మనమే కదా సభ పెట్టి చప్పట్లు కొట్టించుకున్నాం.

ఆ రిపోర్టు తీసుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

"చూశారాండీ, ఏమీ రాలేదు" అన్నారాయన సంతోషంగా.

"నీళ్ళలో రాదు సార్. యాసిడ్‌తో కూడా చూద్దాం."

"మన పెరట్లో యాసిడ్ వాన పడుతుందాండీ?"

"పెరట్లో పడక్కర్లేదు సార్. ఆ బస్తా రేపు ఎవరి చేతికి వెళ్తుందో, దానికి ఏం తగులుతుందో మనకేం తెలుసు?"

"పెళ్ళయ్యాక జాతకాలు చూడకూడదండి మార్తగారూ" అని నవ్వారు.

రిపోర్టు చివర నేను రెండు వాక్యాలు రాశాను. యాసిడ్‌తో పరీక్షించలేదని ఒకటి, మనుషులు మెలిగే చోట ఈ మట్టి వాడకూడదని ఒకటి. ఆయన పెన్ను తీసి రెండూ కొట్టేశారు. "పాజిటివ్‌గా ఉండాలండి" అన్నారు. నేను గట్టిగానే అరిచాను. లాబ్‌లో పిప్పెట్లు కడిగే అమ్మాయి తలుపు సందులోంచి తొంగి చూసేంత గట్టిగా అరిచాను. ఆయన ఏసీ కాస్త పెంచారు.

ఇక్కడ మీకొక మాట. మీ పై అధికారి చెడ్డవాడైతే మీ పని తేలిక, అతను చెడ్డవాడని అందరికీ తెలుసు. నవ్వుతూ, టీ ఇప్పిస్తూ, మీ పిల్లల చదువు అడుగుతూ మీ వాక్యాలు కొట్టేసేవాడితోనే చచ్చే చావు. మా డైరెక్టరు గారు మా అమ్మ పోయినప్పుడు నాకు సెలవు అడక్కుండానే ఇచ్చారు. సమాధి దగ్గరికి కూడా వచ్చి నిలబడ్డారు. ఆ మనిషే ఈ మనిషి.

"హానికరం కాదు" అన్న సర్టిఫికెట్టు తయారైంది. దానికి లామినేషన్ చేయించి పెరటి గుమ్మానికి తగిలించారు. పైగా, "స్టాఫ్‌లో ఎవరికైనా కావాలంటే తీసుకెళ్ళమనండి, మన మట్టి మీద మనకే నమ్మకం లేకపోతే ఎలాగండీ" అన్నారట. అన్నారట అని ఎందుకంటున్నానంటే, ఆ మాట అన్నప్పుడు నేను పోర్టు వైపు శాంపిళ్ళకి వెళ్ళాను. నా చెవిన పడలేదు.

పైడమ్మ పొయ్యి

మాకు శాంపిళ్ళు తెచ్చే అప్పలనాయుడుది కూర్మన్నపాలెం దాటాక లోపలికి ఉన్న ఊరు. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని పోయాక మా లాబ్‌లో చేరాడు. కాలవల్లోకి దిగాలన్నా, చిమ్నీ నిచ్చెన ఎక్కాలన్నా నాయుడే. నోరు మాత్రం ఎప్పుడూ మూతపడదు.

ఒకరోజు మధ్యాహ్నం అందరం కలిసి భోంచేస్తున్నాం. నాయుడు కూతురు గౌరి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది, ఆ కబుర్లు చెప్తున్నాడు.

"ఏటి సెప్పమంటారు మేడమ్, మా పిల్లకి అన్నం సయించట్నేదు. మట్టి తింతంది. మా యావిడ కట్టిన పొయ్యి అంచులన్నీ గీకీసి తినీసింది. కాన్పయ్యేసరికి పొయ్యి ఉంటాదో నేదో అని నా బెంగ."

అందరూ నవ్వారు. మన వైపు కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి మట్టి తినాలనిపించడం కొత్తేమీ కాదు. పుట్టమన్ను, బలపాలు, కుండపెంకులు, ఎవరి రుచి వాళ్ళది. నేను కూడా నవ్వబోయాను.

"ఏం పొయ్యి నాయుడూ?"

"బాలింత నీల్లు కాయడానికి మేడమ్. పెరట్లో కొత్తది కట్టింది. మా వూర్లో ఇప్పుడు మంచి మట్టి ఎక్కడుంది, సెరువులన్నీ ప్లాట్లు ఏసీసినారు. మన మట్టే అట్టుకెల్లాను, రెండు బస్తాలు. ఎర్రమట్టీ ఊకా కలిపి కట్టింది. అద్దంలాగొచ్చింది మేడమ్!"

"ఏ మట్టి?"

"మనదే మేడమ్. సర్టిఫికెట్టున్న మట్టి."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ప్రభువా అన్నాను, పైకే అన్నానో మనసులో అన్నానో నాకు తెలియదు. ఊళ్ళో ఎవరూ నమ్మని మా కాగితాన్ని మొట్టమొదట నమ్మినవాడు మా నాయుడే. దాన్ని తయారుచేసిన గదిలోనే రోజూ తిరుగుతాడు కాబట్టి నమ్మాడు.

మనిషి కడుపులో ఉన్నది యాసిడ్. ఇది చెప్పడానికి లాబ్ అక్కర్లేదు, పుల్లటి తేనుపు వచ్చిన ఎవరికైనా తెలుసు. మట్టిలో భద్రంగా కూర్చున్న సీసాన్ని దింపడానికి అంతకంటే మంచి చోటు ఈ సృష్టిలో లేదు. అక్కడి నుంచి తల్లి రక్తంలోకి, తల్లి రక్తంలోంచి లోపలున్న బిడ్డకి. టిఫిన్ బాక్సు మూత కూడా పెట్టలేదు. నాయుణ్ణి బండి తీయమన్నాను.

గౌరి అరుగు మీద కూర్చుని ఉంది. సన్నటి పిల్ల, ఏడో నెల నిండుతోంది. పొయ్యి నిజంగానే అద్దంలా ఉంది. అంచుల మీద ముగ్గు కూడా వేశారు. ఒక పక్క మాత్రం ఎలుక కొరికినట్టు గీకేసి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి తింటున్నావమ్మా?"

గౌరి సిగ్గుపడింది. "వొచ్చిన కాడ్నించీ మేడమ్. నీల్లు సల్లితే వాన పడ్డట్టు వాసనొత్తాది. ఆగలేను."

"దీన్ని ముట్టుకోకు. ఒక్క పలుకు కూడా నోట్లో పెట్టకు. ఇందులో సీసం ఉంది."

నాయుడి భార్య పైడమ్మకి కోపం వచ్చింది. "అదేటమ్మా అలగంతారు! కడుపుతో ఉన్న పిల్ల కోరింది కాదనకూడదు. నాను తిన్నాను, మా యమ్మ తినింది, మాకేటయ్యింది?"

"మీరు తిన్నది చెరువు మట్టి. ఇది వేరు."

"మరి మంచిదని మీ ఆఫీసోల్లే కదా కాయితం రాసి గుమ్మానికి కట్టినారు?"

పొయ్యి కూలగొట్టేయమన్నాను. ఆవిడ పొయ్యికి అడ్డంగా నిలబడింది. కాన్పు కోసం కట్టిన పొయ్యిని కాన్పు కాకుండా కూలగొడితే ఇంటికి అరిష్టమంది. నన్ను చూసి కాదు గానీ గోడకి చెప్తున్నట్టు ఇంకా చాలా మాటలంది. నోరు మూతపడని నాయుడు నోరు మూసుకోవడం నేను మొదటిసారి చూశాను. పెరటి మూల నుంచి గునపం తెచ్చాడు, భార్య భుజం పట్టుకుని పక్కకి జరిపాడు, ముగ్గు మీదే మొదటి పోటు పొడిచాడు. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గౌరి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆ పెళ్ళలు సంచీలో వేసుకుని తిరిగొచ్చాను. దారి పొడుగునా నాయుడు ఒకటే మాట. "నానే అట్టుకెల్లాను మేడమ్. నా సేత్తోనే అట్టుకెల్లాను."

నిమ్మకాయ

మనిషి కడుపులో ఉండేంత యాసిడ్, ఒంట్లో ఉండేంత వేడి. అందులో పొయ్యి పెళ్ళని పొడి చేసి వేసి ఊపాను. నీళ్ళకి కదలని సీసం దానికి దిగి వచ్చేసింది. అంకెలు చూస్తే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. డైరెక్టరు గారికి అంకెలు చూపించడం దండగని నాకు తెలుసు. అంకెలతో ఆయన చాలాకాలంగా స్నేహంగా ఉంటున్నారు.

అందుకని కిందికెళ్ళి జ్యూస్ బండి దగ్గర నిమ్మకాయలు కొన్నాను. ఆయన టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టాను. రెండింట్లోనూ సర్టిఫికెట్టు ఉన్న మట్టి వేశాను. ఒకదాంట్లో మంచినీళ్ళు, రెండోదాంట్లో నిమ్మరసం. కలిపి, కాసేపు ఉంచి, వడకట్టాను. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. రెండింట్లోనూ సోడియం సల్ఫైడ్ చుక్కలు వేశాను. సీసం ఉంటే అది నల్లబడుతుంది. నీళ్ళ గ్లాసు అలాగే ఉంది. నిమ్మరసం గ్లాసు డికాషన్‌లా నల్లబడింది, గదంతా కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొట్టింది.

"ఏంటండీ ఈ వాసన!" అని డైరెక్టరు గారు ముక్కు మూసుకున్నారు.

నేను పక్కన మూడో గ్లాసు పెట్టాను. దాంట్లో కూడా మట్టీ నిమ్మరసమే, చుక్కలు మాత్రం వేయలేదు. తేటగా, పచ్చగా, చూస్తే దాహం వేసేటట్టు ఉంది.

"ఇది తాగండి సార్."

"హాస్యమా అండీ?"

"రుషికొండలో తాగారు కదా సార్. అదే మట్టి, మీ సర్టిఫికెట్టున్నదే. ఫోటోలవాణ్ణి పిలిపించమంటారా?"

ఆయన గ్లాసు వైపు చూశారు, నా వైపు చూశారు. గౌరి సంగతి అప్పుడు చెప్పాను. ఏడో నెల అని కూడా చెప్పాను. మింగలేక కక్కలేక ఆయన పడ్డ అవస్థ నేను జన్మలో మర్చిపోను. చివరికి అన్నారు, "మట్టి తినమని మనం చెప్పలేదు కదండీ."

"మనుషులు మెలిగే చోట వాడొద్దని నేను రాశాను సార్. మీరు పాజిటివ్‌గా కొట్టేశారు."

ఆయన గొంతు తగ్గించి, "ఇంకెవరు పట్టుకెళ్ళారండీ?" అని అడిగారు. నా సర్వీసులో ఆయన నన్ను అడిగిన అసలైన ప్రశ్న అదొక్కటే.

వాచ్‌మన్ మొక్కల కుండీలకి పట్టుకెళ్ళాడు. అకౌంట్స్ ఆయన వాకిలి చదును చేయించుకున్నాడు. వ్యాను వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, తవ్వి, అన్నీ వెనక్కి తెచ్చాం. ప్రమాదకరమైన చెత్త పూడ్చే చోటికి ఆ బస్తాలు వెళ్ళాయి. లామినేషన్ కాగితం గుమ్మం మీద నుంచి ఎవరు తీశారో తెలియదు గానీ, మేకు మాత్రం నేను రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత ఏ మట్టి వచ్చినా మా లాబ్‌లో నీళ్ళతో ఒకసారి, యాసిడ్‌తో ఒకసారి చూడాలని డైరెక్టరు గారే ఆర్డరు వేశారు. సభల్లో దాన్ని తన ఆలోచనగా చెప్పుకున్నారు. చెప్పుకోనీ. ఆ పరీక్ష జరిగితే చాలు, దాని మీద ఎవరి పేరుంటే నాకేం?

గౌరి అడిగింది

గౌరికి రక్తపరీక్ష చేయించాం. ఉండకూడనంత సీసం ఉందన్నారు డాక్టరమ్మ. ఇంకా తింటూ ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పారు, అది నేను పైడమ్మకి చెప్పలేదు. కాల్షియం, ఐరన్ మాత్రలు రాశారు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుంది, ఏడుపు బాగుంది. బాలింత నీళ్ళు గ్యాస్ స్టవ్ మీద కాచారు. చిన్ని అని పిలుస్తారు.

చిన్ని ఆలస్యంగా నడిచింది. మాటలు ఇంకా ఆలస్యం. వాళ్ళ నాన్నకి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని అటువైపు వాళ్ళంటారు. ఒకరోజు గౌరి నన్ను చూడ్డానికి మా ఇంటికొచ్చి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"మట్టి వల్లేనా అమ్మా?"

నా చేతిలో మిషన్లున్నాయి, పద్ధతులున్నాయి. లోహం మట్టిలో ఎంత, నీళ్ళలో ఎంత, రక్తంలో ఎంత అని చెప్పగలను. ఈ పిల్ల నోట్లోంచి రాని మాటల్లో సీసం వాటా ఎంతో ఏ మిషనూ చెప్పదు.

"తెలీదమ్మా" అన్నాను. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాలేదు. గౌరి తల ఊపి, పిల్ల నోటి చొంగ తుడిచింది.

డైరెక్టరు గారు మాత్రం ఆ పిల్ల గురించి నన్ను ఏనాడూ అడగలేదు. పుట్టిందని చెప్తే "శుభం" అన్నారు, ఫైలు తిరగేశారు. ఇంత రాతి గుండె ఏంటి ఈ మనిషికని ఆయన్ని నేను తిట్టుకోని వారం లేదు.

నా రిటైర్మెంట్ రోజు లాబ్ హాల్లోనే చిన్న సభ పెట్టారు. వేదిక అలంకరణకి పూలకుండీలు డైరెక్టరు గారే కడియం నుంచి, వాళ్ళ బంధువుల నర్సరీ నుంచి తెప్పించారు. "మా ఊరి ఒండ్రుమట్టండి, బంగారమండి, ఇందులో ఇంకేమీ లేదండి" అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. తర్వాత మైకు పట్టుకుని నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు, సగం నిజాలే. అందరికీ నిమ్మరసం ఇచ్చారు. ఆయన కూడా గ్లాసు పట్టుకుని, నావైపు ఒకసారి చూసి, తాగకుండా ఉపన్యాసం కొనసాగించారు.

నాయుడి పక్కన కూర్చున్న గౌరి ఒళ్ళోంచి చిన్ని జారి దిగింది. బుడిబుడి నడకతో వేదిక దగ్గరికొచ్చి, కుండీ అంచు పట్టుకుని నిలబడి, వేలితో ఇంత మట్టి తీసి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను కుర్చీలోంచి లేచాను. నాయుడు లేచాడు. గౌరి కేక పెట్టింది.

మా ముగ్గురి కంటే ముందు డైరెక్టరు గారు చేరుకున్నారు. మైకు కిందపడి కీచుమంది, గ్లాసు భళ్ళున పగిలింది. ఆ పెద్ద మనిషి మోకాళ్ళ మీద కూలబడి, పిల్ల చెయ్యి పట్టుకుని, దాని వేళ్ళ మధ్య మట్టిని తన తెల్ల చొక్కాతో తుడుస్తున్నారు. "వద్దమ్మా, వద్దు తల్లీ" అంటూ వేలు పెట్టి దాని నోరు కూడా తుడిచారు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

అది ఆయన సొంతూరి మట్టి. అందులో ఏమీ లేదని ఉదయం నుంచి మాకందరికీ చెప్పింది ఆయనే.